జూమ్ లెన్స్ ఎంపిక: ఎంత రేంజ్, ఎంత వెలుతురు, ఎంత బరువు

18-55, 17-50, 16-80, 18-140, 24-105, 18-400. డీఎస్‌ఎల్‌ఆర్‌కి ఒకే జూమ్ లెన్స్ తగిలించి రోజువారీ ఫొటోలన్నీ దాంతోనే తీద్దామనుకునేవాళ్లకి ముందుగా ఎదురయ్యేవి ఈ అంకెలే. ఇవి మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్‌లు: చిన్న అంకె వైడ్ (విశాలమైన దృశ్యం), పెద్ద అంకె టెలీ (దూరపుదాన్ని దగ్గరగా లాగడం). పక్కనే ఎఫ్/2.8 అనో ఎఫ్/3.5-5.6 అనో ఇంకో లెక్క, దాని వెనక అక్షరాల తోక. ఎంత దూరం లాగితే అంత మంచి లెన్స్ అని కొందరు కొంటారు, ఎంత ఖరీదైతే అంత మంచిదని ఇంకొందరు. రెండు పద్ధతులూ దారి తప్పిస్తాయి. జూమ్ లెన్స్‌లో రేంజ్, అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం), బరువు ఒకదాన్నొకటి వెనక్కి లాగుతుంటాయి. ఒకటి పెంచితే మిగతా రెండిట్లో ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. అందుకే మంచి లెన్స్ ఏదని అడిగేముందు, ఇప్పుడున్న లెన్స్‌తో మీ ఫొటోలు ఎక్కడ ఆగిపోతున్నాయో చూసుకోవాలి. ఆ అడ్డు తీసేదే మీకు కావాల్సిన లెన్స్.

సెన్సర్ సైజు తెలియకుండా అంకెలు చదవొద్దు

కెమెరాలో బొమ్మని పట్టే చిప్పే సెన్సర్. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 ఎంఎం ఉంటుంది. ఎక్కువమంది వాడే ఏపీఎస్-సీ సెన్సర్ అంతకన్నా చిన్నది: నికాన్‌లో సుమారు 23.5×15.6 ఎంఎం, కెనాన్‌లో 22.3×14.9 ఎంఎం. లెన్స్ ఫోకల్ లెంగ్త్ ఏ బాడీ (లెన్స్ లేని కెమెరా) మీద పెట్టినా మారదు. లెన్స్ వేసే బొమ్మలోంచి చిన్న సెన్సర్ మధ్య భాగాన్ని మాత్రమే తీసుకుంటుంది, అంతే. ఫుల్ ఫ్రేమ్‌తో పోల్చుకోవాలంటే నికాన్ ఏపీఎస్-సీలో 1.5తో, కెనాన్‌లో 1.6తో గుణించాలి. నికాన్ మీద 18-55 లెన్స్ సుమారు 27-82లా చూపిస్తుంది.

ఈ లెక్క అసలు దెబ్బ వైడ్ చివర తెలుస్తుంది. నికాన్ ఏపీఎస్-సీ బాడీ పట్టుకుని గోడకి మూడు మీటర్ల దూరంలో నిలబడ్డారనుకోండి. 24 ఎంఎంలో ఆ గోడ సుమారు 2.9 మీటర్ల వెడల్పు ఫ్రేములోకి వస్తుంది. 18 ఎంఎంలో 3.9 మీటర్లు, 16 ఎంఎంలో 4.4 మీటర్లు. గదిలో పదిమందిని నిలబెట్టి ఫొటో తీయాలంటే 24కీ 18కీ మధ్య తేడా అంటే చివరన ఉన్న ఒకరిద్దరు ఫ్రేములో ఉండటమో, లేకపోవడమో. వెనక్కి జరుగుదామంటే వీపుకి ఇంకో గోడ తగులుతుంది. టెలీ వైపు తక్కువైతే ముందుకు నడవొచ్చు, ఫొటోని క్రాప్ చేయొచ్చు. వైడ్ వైపు తక్కువైతే చేసేదేమీ ఉండదు.

అందుకే ఏపీఎస్-సీ బాడీకి 24-70 గానీ 24-105 గానీ ఏకైక లెన్స్‌గా కొనడం చాలా సాధారణంగా జరిగే పొరపాటు. అవి ఫుల్ ఫ్రేమ్ కోసం చేసిన లెన్సులు, పేరున్నవే. ఏపీఎస్-సీ మీద మాత్రం 24-70 కాస్తా 36-105 అయిపోతుంది, వైడ్ అన్నది ఉండదు. “రేపు ఫుల్ ఫ్రేమ్ కొంటే పనికొస్తుంది” అనే వాదన వినడానికి బాగుంటుంది. రేపటి బాడీ కోసం ఇవాళ్టి ఫొటోలు వదులుకోవడం మాత్రం తెలివైన బేరం కాదు. ఫుల్ ఫ్రేమ్ తీసుకోబోయేది వచ్చే కొద్ది నెలల్లోనే అని ఖాయమైతే తప్ప, ఇప్పుడు చేతిలో ఉన్న సెన్సర్‌కి తగ్గ లెన్సే కొనండి.

తిరగేసి చూస్తే, ఏపీఎస్-సీ కోసం చేసిన లెన్సులకి కెనాన్ పెట్టిన పేరు ఈఎఫ్-ఎస్, నికాన్ పెట్టిన పేరు డీఎక్స్. కెనాన్ ఈఎఫ్-ఎస్ లెన్స్ కెనాన్ ఫుల్ ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్‌కి అసలు తగలదు. నికాన్ డీఎక్స్ లెన్స్ ఫుల్ ఫ్రేమ్ నికాన్‌కి తగులుతుంది గానీ బాడీ మధ్య భాగాన్నే వాడుకుంటుంది. 45 మెగాపిక్సెళ్ల డీ850లో అలా మిగిలేది 19 మెగాపిక్సెళ్లే.

మీ పాత ఫొటోలనే సాక్ష్యం అడగండి

ప్రతి ఫొటో ఫైల్లోనూ అది ఏ ఫోకల్ లెంగ్త్‌లో, ఏ అపర్చర్‌తో, ఏ షట్టర్ స్పీడ్‌తో తీశారో రాసి ఉంటుంది. లైట్‌రూమ్‌లో గానీ ఉచితంగా దొరికే డిజీక్యామ్‌లో గానీ ఆ వివరాల ప్రకారం ఫొటోలను వడపోయవచ్చు. తీసిన ఫొటోలన్నీ కాదు, మీరు దాచుకున్నవి, ఎవరికైనా చూపించినవి మాత్రమే లెక్కలోకి తీసుకోండి.

18-55 వాడేవాళ్ల ఫొటోలు సాధారణంగా రెండు చివర్లలో పోగుపడతాయి. అలా పోగుపడినంత మాత్రాన అదే మీ అవసరమని తేల్చేయకూడదు. 18లో తీసినవి తెరిచి చూడండి. జనం అంచుల్లో తెగిపోయారా, భవనం పై భాగం పోయిందా? అయితే 16తో గానీ 15తో గానీ మొదలయ్యే లెన్స్ మీకు నిజంగా అవసరం. ఫొటో మధ్యలో విషయం చిన్నగా ఉండి చుట్టూ ఖాళీ ఉంటే, అక్కడ కావాల్సింది ఇంకాస్త వైడ్ కాదు, ఇంకో రెండడుగులు ముందుకి వేయడం.

55 వైపు ఇంకా కచ్చితమైన లెక్క ఉంది. ఆ ఫొటోలను మీరు ఎంత క్రాప్ చేశారో చూడండి. 6000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోని 3000కి కత్తిరించారంటే మీకు అప్పుడు కావాల్సింది 110 ఎంఎం. 2000కి కత్తిరించి ఉంటే 165. ఇలా ఓ పాతిక ఫొటోలు లెక్కేస్తే మీ అవసరం 80 దగ్గర ఆగుతుందో, 140 దాకా పోతుందో, 300 కూడా చాలదో తేటతెల్లమవుతుంది. పక్షులు, మైదానంలో ఆటలు తీసేవాళ్లకి ఈ లెక్క 300 దాటిపోతుంది. అలాంటప్పుడు ఆ పనికి విడిగా టెలీ లెన్స్ తీసుకోవాలి, రోజువారీ జూమ్ మీద ఆ బరువు మోపకూడదు.

చివరగా షట్టర్ స్పీడూ (వెలుతురు లోపలికి వచ్చే సమయం, సెకన్లలో), ఐఎస్‌ఓ (వెలుతురుకి సెన్సర్ సున్నితత్వం) చూడండి. అలికిన ఫొటోలన్నీ 1/30 దగ్గర, ఐఎస్‌ఓ 3200 పైన ఉంటే మీ అడ్డు రేంజ్ కాదు, వెలుతురు. 18-300 కొంటే ఆ సమస్య ఇంకా ముదురుతుంది.

అపర్చర్ అంకె ఏం చెబుతుంది

ఎఫ్ అంకె అంటే ఫోకల్ లెంగ్త్‌ని లెన్స్ తెరుచుకునే వ్యాసంతో భాగిస్తే వచ్చేది. 55 ఎంఎం దగ్గర ఎఫ్/5.6 అంటే ఆ వ్యాసం సుమారు 10 ఎంఎం. 50 ఎంఎం దగ్గర ఎఫ్/2.8 అంటే సుమారు 18 ఎంఎం. ఆ తేడా కోసమే పెద్ద గాజులు పెట్టాలి, వాటితోనే ధరా బరువూ పెరుగుతాయి. కెనాన్ 18-55 ఐఎస్ ఎస్‌టీఎం 205 గ్రాములైతే, అదే బాడీకి సరిపోయే 17-55 ఎఫ్/2.8 ఐఎస్ యూఎస్‌ఎం 645 గ్రాములు. ఫుల్ ఫ్రేమ్‌కి వస్తే నికాన్ 24-70 ఎఫ్/2.8ఈ వీఆర్ కిలో దాటి 1070 గ్రాములుంటుంది.

ఎఫ్/5.6 నుంచి ఎఫ్/2.8కి రెండు స్టాపులు, అంటే నాలుగింతల వెలుతురు. 1/30 దగ్గర అలికిపోతున్న ఫొటో 1/125కి వస్తుంది, లేదా ఐఎస్‌ఓ 3200 నుంచి 800కి దిగుతుంది. ఎఫ్/3.5-5.6 అని రాసి ఉన్న లెన్సుల్లో ఎఫ్/3.5 దొరికేది వైడ్ చివర మాత్రమే. కొంచెం జూమ్ చేయగానే అది జారడం మొదలవుతుంది. కెమెరాతో పాటే వచ్చే 18-55 కిట్ లెన్సులు 35 ఎంఎం వచ్చేసరికే ఎఫ్/4.5 దగ్గర ఉంటాయి. మాన్యువల్ మోడ్‌లో, అపర్చర్ పూర్తిగా తెరిచి పెట్టి జూమ్ చేస్తే ఫొటోలు ఒక్కొక్కటి ఒక్కో రకంగా చీకటి పడటానికి కారణం ఇదే. ఎఫ్/2.8 స్థిరంగా ఉండే లెన్సులో ఈ బాధ లేదు.

డీఎస్‌ఎల్‌ఆర్ వాడేవాళ్లకి ఇంకో లాభమూ ఉంది. వ్యూఫైండర్‌లో కనిపించేది లెన్స్ గుండా వచ్చిన వెలుతురే కాబట్టి, పెద్ద అపర్చర్ లెన్సుతో చీకటి గదిలో కూడా దృశ్యం స్పష్టంగా కనిపిస్తుంది. చాలా బాడీల్లో మధ్య ఫోకస్ పాయింటు ఎఫ్/2.8 లెన్సుతో మరింత కచ్చితంగా పనిచేస్తుంది.

ఇక్కడే స్టెబిలైజర్ గురించిన గందరగోళం విప్పాలి. కెనాన్‌లో ఐఎస్, నికాన్‌లో వీఆర్, సిగ్మాలో ఓఎస్, టామ్రాన్‌లో వీసీ అని రాసి ఉండేది ఇదే. పెంటాక్స్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఇది బాడీలోనే ఉంటుంది. నాలుగు స్టాపుల స్టెబిలైజర్ అంటే, 50 ఎంఎంలో 1/80 లేనిదే చేతితో తీయలేనివాళ్లు 1/5 దాకా దిగొచ్చని కంపెనీ మాట. ఇది ఆపేది మీ చేతి వణుకుని. ఎదుటివాళ్ల కదలికని ఆపలేదు. కూర్చుని మాట్లాడే మనిషికి 1/125, నడిచేవాళ్లకి 1/250, పరుగెత్తే పిల్లలకి 1/500 కావాలి, ఎంత గొప్ప స్టెబిలైజర్ ఉన్నా సరే. వెనక గోడ స్పష్టంగా ఉండి మనుషుల ముఖాలు మాత్రం అలికిపోయాయంటే తప్పు చేతిది కాదు, షట్టర్ స్పీడుది. గుడి లోపలి శిల్పాలు, చీకటి పడ్డాక భవనాలు తీసేవాళ్లకి స్టెబిలైజర్ చాలు. ఇంట్లో పిల్లలు, వేదిక మీద నాట్యం తీసేవాళ్లకి ఎఫ్/2.8 తప్పదు.

వెనక భాగం మసకబారడం గురించి కూడా తొందరపడి తేల్చేయొద్దు. ఎఫ్/2.8 అయితేనే మసక బాగా వస్తుందనేది సగం నిజం. ముఖాన్ని ఫ్రేములో ఒకే సైజులో ఉంచి తీసినప్పుడు, ఎక్కడో దూరంగా ఉన్న చెట్లూ కొండలూ ఎంత మసకబారతాయన్నది లెన్స్ తెరుచుకునే వ్యాసాన్ని బట్టి ఉంటుంది. 50 ఎంఎం, ఎఫ్/2.8 దగ్గర అది 18 ఎంఎం అని చూశాం. 18-140 లెన్స్‌లో 140 ఎంఎం, ఎఫ్/5.6 దగ్గర అది 25 ఎంఎం. అంటే ఆరుబయట, వెనక చాలా ఖాళీ ఉన్నచోట, చవకైన 18-140దే పైచేయి. అదే మనిషి గోడకి మీటరు దూరంలో ఉంటే కథ తిరగబడుతుంది. 140తో తీయడానికి మీరు దాదాపు మూడు రెట్లు వెనక్కి వెళ్లాలి, ఆ దూరం నుంచి మనిషీ గోడా రెండూ ఫోకస్‌కి దగ్గరగానే ఉంటాయి. అక్కడ 50 ఎంఎం, ఎఫ్/2.8 గెలుస్తుంది. కాబట్టి మీరు ముఖచిత్రాలు ఎక్కువగా ఎక్కడ తీస్తారన్నది ముందు తేల్చుకోవాలి.

ఫుల్ ఫ్రేమ్‌తో పోల్చేవాళ్లకి ఒక మాట. ఫుల్ ఫ్రేమ్ మీద 24-105 ఎఫ్/4 ఇచ్చే దృశ్యం, మసక రెండూ ఏపీఎస్-సీ మీద దాదాపు 16-70 ఎఫ్/2.8 ఇచ్చేవాటితో సమానం. ఫుల్ ఫ్రేమ్‌లో 24-105ని అందరూ ఆల్‌రౌండర్ అనడం ఊరికే కాదు.

రేంజ్ పెరిగినకొద్దీ పోయేవి

టామ్రాన్ 2017లో తెచ్చిన 18-400 ఎఫ్/3.5-6.3 ఇరవై రెండు రెట్ల జూమ్. బరువు 700 గ్రాములకి కాస్త పైన. ఒకే లెన్స్‌లో ఇంత రేంజ్ పట్టించడం ఇంజనీరింగ్‌గా గొప్ప విషయమే, అందులో అనుమానం లేదు. ఆ రేంజ్ కోసం రాజీపడ్డవి మాత్రం ఫొటోలో కనిపిస్తాయి. ఇలాంటి లెన్సుల్లో 18 దగ్గర నేరు గీతలు బయటికి ఉబ్బుతాయి, కొంచెం జూమ్ చేయగానే లోపలికి వంగుతాయి. అంచుల్లో కొమ్మల చుట్టూ ఊదా, ఆకుపచ్చ గీతలు పడతాయి. వీటిని సాఫ్ట్‌వేర్‌లో లెన్స్ ప్రొఫైల్‌తో చాలావరకు సరిచేయొచ్చు. టెలీ చివర తగ్గే పదునుని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. ఎఫ్/6.3ని ఎఫ్/8కి, ఎఫ్/11కి తగ్గిస్తే కాస్త మెరుగవుతుంది, కానీ అందుకు ఎండ కావాలి.

చాలామందికి తెలియని విషయం ఇంకోటి. ఇలాంటి లెన్సులు దగ్గర వస్తువు మీద ఫోకస్ చేసినప్పుడు, రాసి ఉన్నంత ఫోకల్ లెంగ్త్ ఇవ్వవు. 200 అని గుర్తు చూపిస్తున్నా, రెండు మీటర్ల దూరంలో ఉన్న ముఖం 200 ఎంఎం టెలీ లెన్స్‌లో కనిపించేదానికన్నా బాగా చిన్నగా కనిపిస్తుంది. దూరపు దృశ్యాలకే ఆ అంకె పూర్తిగా వర్తిస్తుంది. లెన్స్ పాడైందేమోనని కంగారుపడక్కర్లేదు, దాని నిర్మాణమే అంత.

అలాగని సూపర్‌జూమ్‌ని కొట్టిపారేయలేం. దుమ్ము, ఇసుక, జల్లు ఉన్నచోట లెన్స్ మార్చకుండా ఉండటం సెన్సర్‌కి మంచిది. నడుస్తూ తీసేవాళ్లకి లెన్స్ మార్చేలోపు దృశ్యం పోతుంది. దొరికిన ఫొటో కొంచెం మెత్తగా ఉన్నా, దొరకని ఫొటోకన్నా మేలే కదా. ఎండలో ప్రయాణాలు చేస్తూ, ఫొటోలను స్క్రీన్ మీదే చూసుకునేవాళ్లకి అది సరైన ఎంపికే.

మిగతావాళ్లకి 18-135, 18-140 దగ్గర ఆగడం మంచిది. దాదాపు అయిదు వందల గ్రాముల బరువులో ఏడెనిమిది రెట్ల జూమ్ వస్తుంది, లోపాలు అదుపులో ఉంటాయి. వైడ్ ముఖ్యమైతే కెనాన్‌లో 15-85, నికాన్‌లో 16-80 ఎఫ్/2.8-4 చూడాలి. వెలుతురు ముఖ్యమైతే 17-50, 17-55 ఎఫ్/2.8లు. డబ్బు తక్కువుంటే, ఉన్న 18-55ని అలాగే ఉంచి దానికి తోడు 55-250 లాంటి టెలీ జూమ్ తీసుకోండి. ఖరీదైన ఒక సూపర్‌జూమ్ కన్నా ఈ జోడీ పదునుగా ఉంటుంది.

అక్షరాల తోకలో దాగిన తిరకాసు

కెనాన్ ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సుల్లో ఫోకస్ మోటర్ ఎప్పుడూ లెన్స్‌లోనే ఉంటుంది కాబట్టి అక్కడ భయం లేదు. నికాన్‌లో జాగ్రత్త పడాలి. డీ3000, డీ5000 వరస బాడీల్లో మోటర్ ఉండదు. వాటికి పాత ఏఎఫ్-డీ లెన్స్ పెడితే చేతితో ఫోకస్ తిప్పుకోవాల్సిందే. ఏఎఫ్-ఎస్ అని ఉంటే ఏ ఇబ్బందీ లేదు. ఏఎఫ్-పీ లెన్సులు వాటి తర్వాత వచ్చినవి, నిశ్శబ్దంగా, వేగంగా పనిచేస్తాయి, కానీ డీ90, డీ3000 లాంటి పాత బాడీల మీద ఫోకస్ అవనే అవవు. పేరులో ఎఫ్ అంకె వెనక ‘ఈ’ ఉన్నవాటిలో అపర్చర్ కరెంటుతో నడుస్తుంది, అవి కూడా ఆ పాత బాడీలకి పనికిరావు. పైన చెప్పిన 16-80 ఆ రకమే. సిగ్మాలో డీసీ, టామ్రాన్‌లో డీఐ-2 అని ఉంటే అది ఏపీఎస్-సీ కోసం చేసింది.

వీడియో తీసేవాళ్లు కెనాన్‌లో ఎస్‌టీఎం గానీ, నానో యూఎస్‌ఎం గానీ, అంటే నిశ్శబ్దంగా తిరిగే ఫోకస్ మోటర్లున్నవి చూసుకోవాలి. పాత మోటర్ల గరగర శబ్దం బాడీలోని మైకులోకి నేరుగా వెళ్తుంది.

పోలరైజర్ ఫిల్టర్ (మెరుపుల్ని తగ్గించే, తిప్పి సర్దుకునే గాజు) వాడేవాళ్లు ముందు గాజు ఫోకస్ చేసేటప్పుడు తిరుగుతుందేమో చూడాలి. పాత 18-55లు చాలావరకు తిరుగుతాయి, సర్దిపెట్టుకున్న పోలరైజర్ ప్రతి ఫోకస్‌కీ చెదిరిపోతుంది. బాడీ మీది పాప్-అప్ ఫ్లాష్ వాడితే లావుపాటి లెన్స్ దానికి అడ్డొచ్చి, వైడ్‌లో తీసిన ఫొటో అడుగున అర్ధచంద్రాకారపు నీడ పడుతుంది. హుడ్ (లెన్స్ ముందుండే ఎండ తొడుగు) తీసేయడం, 35 దాకా జూమ్ చేసి వెనక్కి జరగడం తప్ప దానికి వేరే మందు లేదు.

కొనేముందు, కొన్నాక చేయాల్సిన పరీక్ష

వాడిన లెన్స్ అయితే మొదట వెనక మూత తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఫోన్ టార్చి ఒక వైపు నుంచి వేసి రెండో వైపు నుంచి చూడండి. నాలుగైదు దుమ్ము రేణువులు ఫొటోలో కనిపించవు, వాటిని పట్టించుకోవద్దు. సాలెగూడులా పాకిన సన్నటి తీగలు ఫంగస్, మంచుపొరలా కనిపించేది హేజ్. ఈ రెండూ ఉంటే వదిలేయండి. అపర్చర్ రెక్కల మీద నూనె మెరుస్తుంటే అవి సమయానికి మూసుకోక ఫొటోలు తెల్లబారతాయి. జూమ్ రింగుని ఒక చివర నుంచి ఇంకో చివరకి తిప్పండి, ఎక్కడా గరుకుగా తగలకూడదు. లెన్స్‌ని కిందికి వంచి పట్టుకుంటే దానంతటదే సాగిపోయే జబ్బు సూపర్‌జూముల్లో మామూలే. ఫొటో చెడిపోదు గానీ ట్రైపాడ్ మీద కింద ఉన్నవాటిని తీసేటప్పుడు విసుగు పుట్టిస్తుంది.

ఆ తర్వాత వేర్వేరు జూముల్లో, పూర్తి అపర్చర్‌తోనూ ఎఫ్/11తోనూ ఫొటోలు తీయండి. ఒక జూమ్ స్థానంలో మాత్రం కెమెరా ఎర్రర్ చూపిస్తుంటే లోపలి ఫ్లెక్స్ కేబుల్ తెగుతోందని అనుమానించాలి.

గాజు సరిగా కూర్చుందో లేదో తేల్చడానికి అక్షరాలు నిండిన పేపరు గోడకి చదునుగా అంటించండి. కెమెరాని ట్రైపాడ్ మీద గోడకి సమాంతరంగా పెట్టి, స్టెబిలైజర్ ఆపేసి, లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) ఫోకస్ చేసి, రెండు సెకన్ల టైమర్‌తో తీయండి. వైడ్, మధ్య, టెలీ మూడు చోట్లా పూర్తి అపర్చర్‌లో ఒకటి, ఎఫ్/8లో ఒకటి. తర్వాత అదే పేపరుని వ్యూఫైండర్‌లోంచి ఫోకస్ చేసి తీసి పోల్చండి. లైవ్ వ్యూలో పదునుగా, వ్యూఫైండర్‌తో మెత్తగా వస్తే లెన్స్ గాజులో లోపం లేదు, ఫోకస్ ముందుకో వెనక్కో పడుతోంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో వ్యూఫైండర్ ఫోకస్‌కి వేరే సెన్సర్ ఉంటుంది కాబట్టి ఈ తేడా వస్తుంది. బాడీలో ఫోకస్ ఫైన్ ట్యూన్ ఉంటే సరిచేసుకోవచ్చు. కొన్ని కెనాన్ బాడీల్లో వైడ్‌కీ టెలీకీ విడివిడిగా చేయొచ్చు. ప్రారంభస్థాయి బాడీల్లో సాధారణంగా ఆ సదుపాయం ఉండదు, సర్వీస్ సెంటర్‌కి పంపాల్సిందే.

ఇక నాలుగు మూలలూ చూడండి. పూర్తి అపర్చర్‌లో నాలుగూ సమానంగా మెత్తగా ఉంటే అది ఆ లెన్స్ తీరు. మూడు బాగుండి ఒక మూల మాత్రం అలికినట్టుంటే గోడకి సమాంతరంగా లేదేమోనని కెమెరా సర్ది మళ్లీ తీయండి, ఆ తర్వాత కెమెరాని తలకిందులు చేసి ఇంకోసారి. మెత్తదనం పేపరులో అదే చోట ఉండిపోతే తప్పు కెమెరా నిలబెట్టడంలో ఉంది. ఫొటోలో అదే మూలని పట్టుకుని వస్తే గాజు పక్కకి ఒరిగింది. ఎఫ్/8లో కూడా అది పోకపోతే వాపసు గడువు దాటకముందే లెన్స్ తిరిగిచ్చేసి ఇంకోటి అడగండి.